జిలాని వేసిన ఓవర్

బౌండరీ గీత దగ్గర నిలబడి జిలాని ఉత్త చేత్తో బౌలింగ్ వేస్తున్నాడు. బంతి బంతికీ మధ్య దొరికే ఆ కాస్త వ్యవధిలో నాలుగడుగులు పరుగెత్తి, ఎగిరి, ఖాళీ చేతిని గిర్రున తిప్పి, ఎవరూ లేని చోటికి లేని బంతిని విసిరేవాడు. మళ్లీ వెనక్కి నడిచి, ఫీల్డింగుకి సిద్ధంగా మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగేవాడు. వెనక వరసగా ఆపిన కార్లలో ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. జిలాని అటు తిరగలేదు.

అవతలి వైపు బౌండరీలో ఉన్న మౌలాలికి ఇదంతా కనిపిస్తూనే ఉంది. ఇన్నింగ్స్ ముగింపుకొచ్చిందంటే కెప్టెన్ ప్రీతమ్ జిలాని వైపు చూసి చెయ్యి గుండ్రంగా తిప్పుతాడు. భుజం వేడి చేసుకుని ఉండమని దానర్థం. జిలాని ఆ క్షణం నుంచీ మొదలుపెడతాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకునేదాకా వేస్తాడు. ఈలోగా ప్రీతమ్ ఫీల్డింగు సర్దుతాడు, ఆకాశం చూస్తాడు, పక్కవాళ్లతో మాట్లాడతాడు, చివరికి బంతి తెచ్చి మౌలాలి చేతిలో పెడతాడు. కంపెనీల లీగ్ సీజన్ మొదలైన నాటి నుంచి ఇదే వరస. జిలాని ప్రతి శుక్రవారం భుజం వేడి చేసుకుంటాడు, ప్రతి శుక్రవారం ఆ వేడి ఆరిపోతుంది. బంతి మాత్రం అతని చేతికి రాదు.

ఆ రోజూ అంతే అయింది. ప్రీతమ్ బంతిని తన ప్యాంటుకి రుద్ది మౌలాలికి ఇస్తూ, ఇంకెవర్ని నమ్మను చెప్పు అన్నాడు. పొగడ్తలా ఉండే ఆ మాటకి మొదట్లో మౌలాలి ఉబ్బిపోయేవాడు.

ఆ అరబ్బు దేశంలో, అల్ మవాలే పేట వెనక ఉన్న ఆ మైదానంలో గడ్డి పరక ఉండదు. అంతా కంకర కలిసిన మన్ను. మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద మేకులు కొట్టి బిగించిన కొబ్బరి పీచు చాప. కొత్త బంతి ఆ చాప మీద పడి బుసకొట్టినట్టు లేస్తుంది. ఆ కొత్త బంతి ఎప్పుడూ కంపెనీలో ఆఫీసు వాళ్లది. ప్రీతమ్ కాకినాడ వాడు, సేల్స్‌లో పని. అతనూ, అకౌంట్స్‌లో పనిచేసే ఇంకొకతనూ మొదట్లో వేసి, రెండు మూడు వికెట్లు తీసి, తమ ఓవర్లు ముగించుకునేవాళ్లు. ఆటంతా జరిగి, బంతి అరిగి మెత్తబడి, బ్యాట్స్‌మన్ కాళ్లు కుదురుకుని, ఏది వేసినా ఎత్తి కొట్టడానికి తెగించిన సమయంలో అది మౌలాలి లాంటి గోడౌన్ వాళ్ల చేతికి వచ్చేది. గెలిస్తే మొదట పడ్డ వికెట్ల గురించి చెప్పుకునేవాళ్లు. ఓడితే చివర వేసినవాడి గురించి.

మౌలాలి ఆ చివరి ఓవర్ వేశాడు. ఒక్కో బంతికీ భుజం లోపల ఏదో గుడ్డ చిరిగినట్టు ఉంది. ఆఖరి బంతి వదిలాక చెయ్యి కిందికి రాకుండా ఒక క్షణం గాలిలోనే ఆగింది, తనది కానట్టు. గెలిచారు. అందరూ పరుగున వచ్చి మీద పడుతుంటే ఎడమ చేత్తో కుడి భుజాన్ని కప్పుకుని పక్కకు తప్పుకున్నాడు. జిలాని వచ్చాడు గానీ మీద పడలేదు. నెత్తిన ఉన్న టోపీ తీసి మౌలాలి ముఖం తుడిచి, మళ్లీ తన నెత్తిన పెట్టుకున్నాడు.

రుసైల్ పారిశ్రామిక వాడలోని పైపుల కంపెనీలో ఇద్దరిదీ లోడింగ్ డ్యూటీయే. శనివారం పొద్దున ట్రెయిలర్ వచ్చి ఆగితే ఒకడు పైకి ఎక్కాలి, ఒకడు కింద నుంచి అందించాలి. తెల్లటి ప్లాస్టిక్ పొడి కనుబొమ్మల మీద పేరుకుంటుంది. వెనకటి చలికాలం పొద్దు గుంకేదాకా ఒకదాని తర్వాత ఒకటి ట్రెయిలర్లు నిండేవి. సరిహద్దు దగ్గరి బురైమికి వెళ్లేవే లెక్కలేనన్ని. ఈ ఏడు దుబాయ్‌లో కట్టడాలు ఆగిపోయాయని, ఇక్కడా కాంట్రాక్టులు వెనక్కి పోతున్నాయని అనుకుంటుండగానే యార్డులో పైపుల కట్టలు కొండల్లా పెరిగాయి. వాటిని తీసుకెళ్లే బండ్లు లేవు. వారానికి ఇంతమంది అని జనాన్ని ఇంటికి పంపడం మొదలైంది. పొద్దున డ్యూటీకి వచ్చిన మనిషిని ఆఫీసుకి పిలుస్తారు, మధ్యాహ్నానికి వాడి మంచం మీద పరుపు చుట్టి ఉంటుంది.

ప్లాంట్ మేనేజర్ అజ్మత్ సాబ్‌కి క్రికెట్ పిచ్చి. లీగ్ అయ్యేదాకా టీమ్ వాళ్ల జోలికి ఎవరూ రావద్దన్నాడని అందరికీ తెలుసు. అయ్యాక ఏమిటో ఎవరూ అడగలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మౌలాలి భార్య నసీమా మ్యాచ్ ఏమయిందనే ముందు అడిగేది. ఆట అంటే ఏమిటో ఆమెకి తెలియదు. గెలిస్తే మొగుడు అక్కడ ఉంటాడని మాత్రం తెలుసు.

ఆ శనివారం పొద్దున జిలాని కిందనుంచి పైపు అందించాడు. మౌలాలి చెయ్యి చాచాడు, పట్టుకున్నాడు, ఎత్తలేకపోయాడు. పైపు అంచు జారి ట్రెయిలర్ పక్క చట్రానికి తగిలి టంగుమంది. సూపర్‌వైజర్ అటువైపు తల తిప్పేలోగా జిలాని పైకెక్కి, నువ్వు దిగు అని కళ్లతో చెప్పాడు. ఆ తర్వాత రోజంతా పైన పని అతనే చేశాడు. కింద నుంచి అందించేది మౌలాలి, ఎడమ చేత్తో, తొడ ఆసరా చేసుకుని.

మధ్యాహ్నం అన్నాల దగ్గర జిలాని మెల్లగా అన్నాడు.

“ప్రీతమ్ సార్‌కి చెప్పు మౌలాలన్నా. ఈ వారం నేనేస్తా.”

మౌలాలి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. చెబితే ఏమవుతుందో అతను చాలాసార్లు అనుకుని చూసుకున్నాడు. ఆడలేనివాడు టీమ్‌లో ఉండడు. టీమ్‌లో లేనివాడు, పైపు ఎత్తలేనివాడు, ఇక్కడ ఉండడు.

“కొంచెం పట్టేసింది, అంతే. తగ్గిపోతాది లే,” అన్నాడు.

జిలాని తన పళ్లెంలోని చేప ముక్కకి ముల్లు తీసి మౌలాలి అన్నం మీద పెట్టాడు.

రెండు రోజులకి నొప్పి ఓర్వలేక మౌలాలి క్లినిక్‌కి వెళ్లాడు. మలయాళీ డాక్టర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి హిందీలో ఏదో గబగబా చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు. నర్సు మేరీకుమారి తణుకు వైపు ఆవిడ. తెలుగువాడని తెలిసి బయటి బెంచీ మీద కూర్చోబెట్టి, భుజంలో కండ చిరిగిందని, చెయ్యి పైకెత్తే పని ఏదీ చెయ్యకూడదని నిదానంగా చెప్పింది.

“ఇలాగే వాడితే జుట్టు దువ్వుకోడానికి కూడా చెయ్యి లేవదండి. సెలవు కాయితం రాసిమ్మంటాను, మీ కంపెనీకి ఇవ్వండి.”

వద్దు అన్నాడు మౌలాలి. ఆవిడ ఒకసారి అతని ముఖంలోకి చూసింది. ఇలాంటి ముఖాలు రోజూ చూస్తున్నదే అయి ఉంటుంది, ఎందుకని అడగలేదు. నొప్పి మాత్రలు పొట్లం కట్టి ఇచ్చి, కడుపులో ఏదైనా పడ్డాకే వేసుకోమంది.

శుక్రవారం సెమీఫైనల్. అజ్మత్ సాబ్ కార్లు వచ్చి ఆగాయి. పెద్ద పెద్ద కాంట్రాక్టర్లని, కంపెనీతో పని ఉన్నవాళ్లని పిలిచాడాయన. వాళ్లకోసం బౌండరీ పక్కన షామియానా వేశారు. తమ జట్టు మొదట బ్యాటింగ్ చేసి పర్వాలేదనిపించే స్కోరే చేసింది. విరామంలో మిగతా వాళ్లంతా చేతులు తిప్పుకుంటూ, చిన్నగా పరుగెడుతూ ఒళ్లు వదులు చేసుకుంటుంటే, జిలాని కుర్చీలు మోస్తున్నాడు. కుర్చీల తర్వాత ఫ్లాస్కులు. ఫ్లాస్కుల తర్వాత కప్పులు. క్రికెట్ బట్టల మీదే, కాళ్లకి బూట్లతోనే ఒక్కో పెద్దమనిషి ముందూ వంగి టీ పోశాడు. అంపైర్లు గ్రౌండులోకి నడుస్తున్నప్పుడు ట్రే ఎక్కడ పెట్టాలో తెలియక కారు బానెట్ మీద పెట్టి పరుగున వచ్చాడు.

ఇన్నింగ్స్ ముగింపుకొచ్చాక ప్రీతమ్ అలవాటు చొప్పున జిలానికి సైగ చేశాడు. జిలాని రెండు సార్లు ఖాళీ చెయ్యి తిప్పాడో లేదో, షామియానాలోంచి నవ్వులు వినపడ్డాయి. అజ్మత్ సాబ్ లేచి గీత దాకా వచ్చి ప్రీతమ్‌ని కేకేసి, పిలిచిన మెహమాన్ల ముందు ఆ కోతి గంతులేమిటి, ఆపమను అన్నాడు. ప్రీతమ్ తలూపి, జిలాని వైపు అరచెయ్యి చూపించాడు. జిలాని ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సముద్రం వైపు నుంచి చల్లగాలి వీస్తోంది. ఆ గాలిలో అతను అలాగే, స్కూల్లో బెంచీ ఎక్కించిన పిల్లవాడిలా నిలబడి ఉండడం మౌలాలి చూశాడు. చూసి, బంతి తీసుకుని తన ఓవర్ వేయడానికి నడిచాడు.

ఆ ఓవర్ ఎలా వేశాడో అతనికే తెలియదు. మాత్రలు పని చేయడం మానేశాయి. పరుగెత్తడం, కళ్లు మూసుకోవడం, వదలడం. అయినా పరుగులు రాలేదు, ఒక వికెట్ కూడా పడింది. రెండో వైపు నుంచి అకౌంట్స్ అతను తనకి మిగిలి ఉన్న ఓవర్ వేసి బాగా దెబ్బలు తిన్నాడు. ఇక ఒక్కటే ఓవర్. అవతలి వాళ్లకి తొమ్మిది పరుగులు కావాలి.

ప్రీతమ్ బంతి పట్టుకుని మౌలాలి దగ్గరికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. అతనికీ పైనుంచి మాటలు పడతాయని మౌలాలికి తెలుసు. చెయ్యి చాచాడు. బంతి అరచేతిలో పడింది. దాని కుట్లు విడిపోయి, చర్మం గొర్రె చెవిలా మెత్తగా ఉంది. వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి. నొప్పి ఉంది. ఇందాకటి నొప్పే, ఎక్కువా కాదు తక్కువా కాదు. స్ట్రయిక్‌లో ఉన్న బ్యాట్స్‌మన్ పొడుగాటి మనిషి, బ్యాట్ నేలకి ఆనించకుండా గాలిలో ఆడిస్తూ తనవైపే చూస్తున్నాడు. షామియానాలో అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

“సార్, నా చెయ్యి లేయడంలే. జిలానికి ఇవ్వండి.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అంటున్నట్టు అతనికి తెలియలేదు. ఇప్పుడా చెప్పేది అన్నట్టు ప్రీతమ్ కళ్లు పెద్దవి చేశాడు. మౌలాలి బంతి తిరిగి ఇచ్చేశాడు. వాదించడానికి వ్యవధి లేదు. ప్రీతమ్ గొంతెత్తి జిలానిని పిలిచాడు.

జిలాని మొదట నమ్మలేదు. వెనక్కి తిరిగి చూసి, తననేనని తెలిశాక పరుగెత్తుకుంటూ వచ్చాడు. మౌలాలి పక్కగా పోతూ ఆగి, ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, నవ్వాడు. ఆ నవ్వు మౌలాలి చూడలేకపోయాడు. చల్లబడి కొయ్యబారిన చేతులతో వస్తున్నాడని, కనీసం రెండు బంతులైనా విసిరి చూసుకోలేదని తెలిసినవాడు గ్రౌండులో తనొక్కడే. తల దించుకుని బౌండరీ వైపు నడిచాడు.

మొదటి బంతి జారి గాలిలోనే నేరుగా బ్యాట్ మీదికి వెళ్లింది. ఫోరు. రెండోది వైడు. కార్లలోంచి హారన్లు మోగాయి. జిలాని చేతిని తొడకి కొట్టుకుని, వేళ్లు నోట్లో పెట్టి ఊదుకుని, మళ్లీ పరుగెత్తాడు. ఈసారి బంతి బ్యాట్స్‌మన్ కాళ్ల మొదట్లో పడి, బ్యాట్ కిందికి దిగేలోపే దూరి, మధ్య వికెట్‌ని కూకటివేళ్లతో సహా పెరికింది. ఆ పొడుగాటి మనిషి పడ్డ వికెట్‌ని కాసేపు చూసి గానీ కదల్లేదు. జిలాని అరవలేదు, గంతులెయ్యలేదు. చేతిలోకి తిరిగొచ్చిన బంతిని ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు గట్టిగా పట్టుకున్నాడు.

కొత్తగా వచ్చినవాడికి ఒక బంతి తగల్లేదు. తర్వాతిదానికి ఒక పరుగు. ఆ తర్వాతది మళ్లీ ఖాళీ. చివరి బంతికి మూడు కావాలి. జిలాని మళ్లీ అదే వేశాడు, కాళ్ల మొదట్లోకి. మంచి బంతి. బ్యాట్స్‌మన్ కళ్లు మూసుకుని ఊపిన బ్యాట్ లోపలి అంచుకి రవ్వంత తగిలి, వికెట్లకి వెంట్రుక వాసిలో తప్పి, కీపర్ కాళ్ల సందులోంచి కంకర మీద ఎగిరెగిరి పోయింది. బౌండరీ గీత దాటేదాకా ఎవరూ దాన్ని అందుకోలేకపోయారు.

అజ్మత్ సాబ్ తన మెహమాన్లను కార్ల దాకా సాగనంపి, తిరిగి వచ్చి ఒక్కటే అడిగాడు. ఆఖరి ఓవర్ వేసింది ఎవడు.

శనివారం జిలానిని ఆఫీసుకి పిలిచారు. అదే రోజు మౌలాలిని కూడా పిలిచారు. కంపెనీ కోసం ఆడి భుజం పోగొట్టుకున్నాడని ప్రీతమ్ చెప్పాడట. స్టోరులో కూర్చోబెట్టమన్నారు. పైపులకి తగిలించే వంపు ముక్కలు, మూతలు డబ్బాల్లో సర్దే పని. బరువులు లేవు, ఎండ లేదు, నడుముకి ఆనుకునే కుర్చీ కూడా ఉంది.

మౌలాలి ఆ కుర్చీలో కాసేపే కూర్చోగలిగాడు. లేచి సేల్స్ గదికి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి ప్రీతమ్‌తో మాట్లాడాలన్నాడు. ప్రీతమ్ ఫోన్ పెట్టేసి లోపలికి రమ్మన్నాడు.

“సార్, ఆ ఓవర్ నాది. జిలానిది కాదు. వాణ్ని చెయ్యి వేడి చేసుకోనీలేదు గదా, మీరూ చూస్తిరి.”

ప్రీతమ్ బల్ల మీది పేపర్ వెయిట్‌ని అటూ ఇటూ దొర్లించాడు.

“నువ్వే కదయ్యా అతనికిమ్మన్నావు,” అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అన్నాడు.

ఎవరో ఒకరి పేరు చెప్పాల్సి వచ్చిందని, వచ్చే నెల తన సంగతేమిటో తనకే తెలియదని ఆ తర్వాత ఇంకా ఏవేవో చెప్పాడు. మౌలాలికి అవేవీ వినపడలేదు. తలుపు చప్పుడు కాకుండా వేసి బయటికి వచ్చాడు. కారిడార్‌లో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎవరో పని మనిషి తుడుస్తూ వచ్చి, కాళ్లు తియ్యమంటే తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం జిలాని సామాను సర్దుకుంటున్నాడు. రూమ్‌లో మిగతావాళ్లు డ్యూటీలో ఉన్నారు. మౌలాలి స్టోరులో పర్మిషన్ అడిగి వచ్చాడు. జిలాని అట్టపెట్టె మీద మోకాలు వేసి నొక్కి తాడు బిగిస్తున్నాడు. ముడి మీద వేలు పెడదామని మౌలాలి కుడి చెయ్యి చాచాడు. అది రొమ్ము దాకా వచ్చి అక్కడే ఆగింది. ఎడమ చెయ్యి పెట్టాడు. జిలాని ముడి వేశాడు. తర్వాత ఇద్దరూ మంచం అంచు మీద కూర్చున్నారు. పరుపు లేని మంచం, ఇనప పలకలు గుచ్చుకుంటున్నాయి.

“నిజంగానే లేయకపాయనా, ఆ పొద్దు నీ చెయ్యి?” అడిగాడు జిలాని. తల ఎత్తకుండా, గోరుతో పెట్టె మీది పాత స్టిక్కర్ గీకుతూ అడిగాడు.

రెండు రోజులుగా మౌలాలి ఈ ప్రశ్నకే భయపడుతున్నాడు. అవునని చెప్పడం తేలిక. క్లినిక్ సంగతి చెప్పొచ్చు, ఇదిగో ఇప్పుడు కూడా లేవడం లేదని చూపించొచ్చు. అదీ నిజమే.

“నొచ్చింది,” అన్నాడు. “కానీ ఆ ఒక్క ఓవర్ వేసుండొచ్చు. భయపడితి. నా మీదికి రాకూడదనుకుంటినో ఏమో. నువ్వు చల్లబడిపోయుండావని తెలిసీ ఇప్పిస్తి.”

జిలాని కొడితే పడదామని కూడా అనుకున్నాడు. బయట యార్డులో ఎక్కడో ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తున్న పీపీ చప్పుడు వచ్చి, ఆగిపోయింది. జిలాని స్టిక్కర్ మొత్తం గీకేసి, ఆ కాగితం పొట్టును వేళ్ల మధ్య ఉండలా చుట్టాడు.

“ఎందుకిచ్చినావో అది నీ పాటుకి నువ్వు చూసుకోన్నా. నాకేం పని,” అన్నాడు చివరికి. “ఇన్ని వారాలు ఉత్త చెయ్యి తిప్పితి. చల్లగుండినా వేడిగుండినా, బంతి ఇస్తే తీసుకోకుండా ఉంటినా? తీసుకుంటి. కొట్టినారు. నన్ను కొట్టినారు, నిన్ను కాదు. ఇప్పుడొచ్చి అది నాది అనబాక.”

జిలాని క్షమిస్తాడేమో అనుకున్నాడు మౌలాలి, తిడతాడేమో అనుకున్నాడు. ఈ రెండూ కాకుండా, తన తప్పులోంచి కూడా తనని బయటికి తోసేస్తాడని అనుకోలేదు. జిలాని లేచి, గోడ మేకుకి వేలాడుతున్న చొక్కా వేసుకుని, గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. ప్రయాణం వాళ్లు పెట్టుకున్నట్టు.

వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. డ్రైవర్ ఫజల్ పెషావర్ వైపు వాడు, ఆఫీసు మనుషుల్ని తిప్పడం, ఇంటికి పంపేవాళ్లని ఎయిర్‌పోర్ట్‌లో దింపడం అతని డ్యూటీ. మామూలుగా ఎవరితోనూ మాట్లాడడు. పెట్టె వెనక పడేశాక జిలాని వెనక సీటు తలుపు తియ్యబోతే, ముందుకి రా అన్నట్టు తల ఊపాడు. మౌలాలి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యమన్నాడు. చేస్తానన్నాడు జిలాని. ఎడమ చేతులతో చేతులు కలుపుకున్నారు.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఫజల్ ఒకసారి జిలానిని ఎగాదిగా చూశాడు.

“ఆ పొడుగువాణ్ని బౌల్డ్ చేసింది నువ్వేనా?” అని ఉర్దూలో అడిగాడు. “నేను కార్ల దగ్గరున్నా. వికెట్ పెరికేసింది. ఎట్లా పట్టుకున్నావు బంతిని?”

జిలాని మౌలాలి వైపు చూడలేదు. సీట్లో కాస్త ముందుకు జరిగి, వీపు నిటారుగా పెట్టి, కుడి చేతిని ఫజల్ కళ్లముందు ఎత్తాడు. రెండు వేళ్లు దగ్గరగా చేర్చి, బొటనవేలు కింద మడిచి, ఇట్లా అని చూపించాడు. ఫజల్ స్టీరింగ్ వదిలి తన చెయ్యి కూడా అలాగే పెట్టి చూసుకున్నాడు. కాదు, ఈ వేలు ఇంకొంచెం వంచాలి అని జిలాని దాన్ని సరి చేశాడు.

వ్యాన్ గేటు దాటి రోడ్డు ఎక్కేదాకా మౌలాలికి వెనక అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. జిలాని ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి ఇంకా పైకే ఉంది.